మాటు

ఇనుమునకు నీరు పగయనుట పసిపిల్లలకును తెలిసినదే. కాని నీరులేని సీమలో ఇనుము సుఖముగా నుండుననుకొనుట మాత్రము మావంటి పెద్దల భ్రాంతి. కడప జిల్లాలో ఏటికి ఏడువందల మిల్లీమీటర్ల చేరువ వాన కురియును. అదియు కొన్ని దినములలోనే కురిసి పోవును. తక్కిన కాలమంతయు ఎండయే. మా పెరటిలో పడియున్న పాత గడ్డపారకు ఇరువదియేండ్లుగా పైపొర యెఱ్ఱబడుట తప్ప వేఱొక హాని కలుగలేదు. దానిని చూచియే మా పికప్పు బండి తొట్టికిని ఏ భయమును లేదని నేను ధైర్యముగా నుంటిని. ఆ ధైర్యమునకు వెల యొక స్త్రీ తన కాలితో చెల్లించినది. ఈ కథ చెప్పుట నాకు సంతోషము కాదు. చెప్పక దాచుట మాత్రము ఆ బండికి నేను చేయించిన మొదటి మరమ్మతువంటిదే యగును.

మాకు మైదుకూరు చేరువ కర్నూలు-కడప కాలువ క్రింద నాలుగెకరముల మాగాణి కలదు. ఆ కాలువను పంతొమ్మిదవ శతాబ్దమున మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు త్రవ్వించిరి. నీటి పన్నుతోబాటు పడవల రాకపోకల వలనను లాభము గడింపవలెనని వారి యాశ. ఆ లాభము రాలేదు. 1882లో ప్రభుత్వమువారు కాలువను కొనిరి. పడవలు పోయినవి, పంటలు నిలిచినవి. మేము వరియు, పసుపును, ఎఱ్ఱగడ్డలును పండింతుము. (ఉల్లిని మా వైపున ఎఱ్ఱగడ్డ యందురు.) పంట చేతికి వచ్చిన దినమున అద్దెబండ్లవారిని బతిమాలలేక మా తండ్రిగారు 2010లో కర్నూలు పోయి యేడేండ్ల పాతబండి నొకదానిని కొని తెచ్చిరి. వెల చవుక. రంగు క్రొత్తది. “నీళ్లు సూడని బండి సామీ” అని అమ్మినవాడు చెప్పెనట.

2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు పట్టణమును ముంచిన సంగతి అందఱు నెఱిగినదే. ఆ ముంపు గడచి యేడాది కాకముందే, ఆ పట్టణముననే, క్రొత్త రంగుతో, చవుకగా దొరకిన బండిని గూర్చి మా తండ్రిగారు గాని, సంస్కృతమునందును ఇంగ్లీషునందును పట్టములు పుచ్చుకొనిన నేను గాని ఒక్క ప్రశ్నయైనను వేసికొనలేదు. కావ్యములలో శ్లేషను పట్టుకొనుటకు నేర్చిన బుద్ధి చవుకబేరములోని శ్లేషను పట్టుకొనలేకపోయినది.

బండి మాత్రము బాగుగనే పనిచేసినది. దానిపై మేము వేయని సరకు లేదు. మంటితోడి ఎఱ్ఱగడ్డల బస్తాలు, యూరియా, పొటాషు, సంతకు పోవు మేకలు, వానాకాలమున తడిసిన చొప్ప. ఎరువుల బస్తా ఎంత మంచిదైనను కుట్టు వద్ద కొంత పొడి రాలును. ఆ పొడి ఉప్పుజాతిది. రాత్రిగాలిలోని చెమ్మను పీల్చుకొని తాను కరగి, క్రిందనున్న రేకును తడిపి యుంచును. ఎండాకాలమున సైతము తెల్లవాఱుజామున తొట్టి మూలలు చెమ్మగా నుండుట నేను చూచియుంటిని, చూచి, మంచనుకొంటిని. మేకల మూత్రమును గూర్చి వేఱుగ చెప్పనక్కఱలేదు.

వీటికంటెను తఱచుగా ఆ తొట్టిలో ఎక్కినది మనుష్యులు. కలుపుకును, గడ్డలు పెఱుకుటకును వచ్చు కూలిస్త్రీలు ప్రొద్దుననే ఊరిబయట చింతచెట్టు వద్ద నిలుచుందురు. చేను అచ్చటికి నాలుగు మైళ్లు. సరకుబండిలో మనుష్యులను ఎక్కించుట చట్టవిరుద్ధమని నాకు తెలియును. మా సీమలో నది యెవరికి తెలియదు? ఇట్టి బండ్లు బోల్తాపడి కూలీలు మరణించిన వార్త పత్రికలలో కనబడినపుడెల్ల “అయ్యో” యనుచు చదివి, మఱునాటి ప్రొద్దుననే తొట్టి తలుపు దించి “ఎక్కండమ్మా” యనువారము మేము.

2017లో బండికి రెండుచోట్ల చిల్లులు కనబడినవి. ఒకటి ముందు, డ్రైవరు ప్రక్కన మా తండ్రిగారు కాళ్లు పెట్టుకొను చోట, రబ్బరు చాప క్రింద. రెండవది వెనుక తొట్టిలో, నడిమికి కొంచెము ఎడమగా. అప్పటికి బండికి పదునాలుగేండ్లు. ఎనిమిదేండ్లు దాటిన సరకుబండికి ఏటేట యోగ్యతాపత్రము పుచ్చుకొనవలెను. గడువు వారము దినములే యున్నది. తండ్రిగారికి ఒంట్లో బాగులేదు గనుక నేనే బండిని ఒక పనివానియొద్దకు తీసికొనిపోయితిని. ఆనాడు నేనతనితో చెప్పిన మాటలు నాకు బాగుగ జ్ఞాపకమున్నవి. “ముందర గట్టిగా చేయి. వెనక ఏదో ఒకటి వేయి.”

అతడు నేను చెప్పినట్లే చేసెను. అతని తప్పేమియు లేదు. ముందరి త్రుప్పును కోసివేసి, మంచి రేకు నతికి, రంగు పూసెను. వెనుక మాత్రము చిల్లులపై తారు పూసి, దానిమీద జింకు పూతగల పలుచని రేకునొకదానిని పఱచి, చుట్టును రివిట్లు కొట్టెను. ముందరి పనికి మూడు వేల రూపాయలు, వెనుక పనికి ఏడు వందలు. ఆ రేకు వెండివలె మెఱయుచుండెను. తనిఖీ చేసినవారి కంటికి తొట్టి క్రొత్తదిగా కనబడినది. పత్రము వచ్చినది. నేను మిగిల్చిన డబ్బునకు సంతోషించితిని.

తెలుగులో చిల్లిపడిన పాత్రకు వేయు అతుకును మాటు అందురు. చాటునకును మాటు అనియే పేరు. పదునైదేండ్లుగా పిల్లలకు నానార్థములు వల్లింపజేయుచున్న నాకు ఈ రెండర్థములు ఒకే రేకుపై కూర్చుండిన సంగతి అప్పుడు తట్టలేదు.

2023 జనవరిలో, ఎఱ్ఱగడ్డలు పెఱుకు దినములలో, ఒకనాటి ప్రొద్దున బండి కాలువ వంతెన యెక్కుచుండగా కొంచెము కుదుపు కలిగినది. తొట్టిలో పదునొకండుగురు స్త్రీలు నిలుచుండిరి. వారిలో నొకామె, ఏబదియేండ్లది, పట్టు తప్పి ఒకడుగు వెనుకకు వేసినది. ఆ యడుగు రేకుపై పడినది. రేకు ఒకవైపు రివిట్లూడి క్రిందికి తలుపువలె తెఱచుకొన్నది. కాలు మోకాలి క్రిందివఱకు దిగిపోయినది. బండి మెల్లగా పోవుచుండుటచే ఎముక విఱుగలేదు. కాని ఆ వెండివంటి రేకు అంచు పిక్కను జానెడు పొడవున చీల్చినది. నేను ముందర కూర్చుంటిని. నా కాళ్ల క్రింద నేల గట్టిగా నున్నది.

ప్రభుత్వ వైద్యశాలలో తొమ్మిది కుట్లు వేసి, ధనుర్వాతము రాకుండ సూది వేసిరి. ఆమె నన్నొక్క మాటయు అనలేదు. “పాత బండి గదా అయివారూ, దానికేం తెల్చు” అన్నది. ఈ మాటకంటె తిట్టు మేలు. నేను మందులకు డబ్బిచ్చి, పండ్లు కొనియిచ్చి, ధర్మాత్ముడనువలె ఇల్లు చేరితిని. నాల్గవనాడు భోజనమువేళ నా భార్య “ఆమె పని మానిన దినముల కూలి యెవరు ఇచ్చుచున్నారు?” అని యడిగినది. నాకు తోచనే లేదు. ఆ సాయంకాలము పోయి మూడువారముల కూలి ఇచ్చి వచ్చితిని. తోచకపోవుటకు కారణమేమని ఇప్పటికిని ఆలోచించుచుందును. మా తండ్రిగారి కాలే దిగియున్నచో నాకు తోచకుండునా?

ఆయన 2019లో గతించిరి. బండి నా తమ్మునిది, నాది. తమ్ముడు “పాత ఇనుముకు వేసేద్దాం” అనెను. లెక్కకు అతని మాటయే సరి. కాని ఇంజను మంచిది. క్రొత్తబండి కొను శక్తి మాకు లేదు. దీనికిదోడు, నేను చెప్పి వేయించిన ఆ మాటు క్రింద నేమున్నదో కన్నులార చూడవలెనను పట్టుదల నాకు కలిగినది. సంక్రాంతి సెలవులు మిగిలియున్నవి. మైదుకూరు బాటలో రేకుల కొట్టములో వెల్డింగు చేయు ఒక ముదుసలి సాయిబుగారి యొద్దకు బండిని తోలుకొనిపోయితిని.

ఆయన మొదట ఏ పనిముట్టును తీయలేదు. చిన్న సుత్తె నొకదానిని తీసికొని, వైద్యుడు రోగి వీపును తట్టి వినునట్లు తొట్టినంతయు తట్టుచు వచ్చెను. మంచిచోట కంచువలె మ్రోగినది. చెడినచోట తడిసిన కుండవలె ముక్కినది. ముక్కినచోటనెల్ల సుద్దముక్కతో గుండ్రముగా గీచెను. నాకు రెండు చిల్లులు మాత్రమే తెలియును, సుద్దగీతలు పదునాలుగు. పిదప స్క్రూడ్రైవరు కొనతో ఒక గీత నడుమ పొడిచెను. అది కాగితములో దిగినట్లు దిగినది. “సారూ, ఈడ ఇనుముండాదనుకున్యావు గదా. ఈడ ఇనుము ల్యా. రంగుండాది, తారుండాది, అంతే” అనెను.

రివిట్లు కోసి నా వెండిరేకును లేపినపుడు దాని క్రింద ముద్దలు ముద్దలుగా ఎఱ్ఱని పొర కనబడినది. ఇనుము త్రుప్పుగా మాఱినపుడు రెండింతలకు మించిన చోటు నాక్రమించును. అందుచేత పొరలు ఒకదానినొకటి నెట్టుకొని, చక్కగా కాలిన మడతకాజావలె విప్పుకొనును. రివిట్లను వదులు చేసినది ఈ యుబ్బరింపే. తారు నీటిని లోనికి రానీయదని నేననుకొంటిని. అంచుల సందున దిగిన నీటిని బయటికి పోనీయకుండ పట్టియుంచినదియు నదియే. మాటు లేకున్న ఎండ తగిలి ఆరిపోవలసిన చెమ్మ, మాటు క్రింద ఆఱేండ్లు కాపురమున్నది.

బాల్యమున నాచేత అమరకోశమును వల్లింపజేసిరి. ఇనుప మలమునకు మండూరమని అందు పేరున్నది. మండూర భస్మమును పాండురోగమునకు మందుగా ఆయుర్వేదులు వాడుదురు. ఢిల్లీలోని ఇనుపస్తంభము పదునాఱు వందల యేండ్లుగా వానలో నిలిచియు చెడకుండుటకు దానిలోని భాస్వరమే ముఖ్యకారణమని లోహశాస్త్రజ్ఞులు తేల్చిరి. ఇవన్నియు నాకు తెలియును. నా బండిలో మండూరము తయారగుట మాత్రము తెలియలేదు.

అసలు సంగతి మఱునాడు బయటపడినది. తొట్టి రేకునకు అడుగున అడ్డముగా గొట్టమువంటి ఇనుప పట్టీలుండును. రేకు వానిపై నిలుచును. వానికి నీరు కాఱిపోవుటకై క్రిందివైపున చిన్న రంధ్రము లుండును. సాయిబుగారు ఒక పట్టీని కోయగా, అందునుండి సన్నని, బూడిదరంగు ఒండ్రు, గోధుమపిండివలె జలజల రాలినది. రెండవదాని నిండను అదియే. రంధ్రములన్నియు దానితో బిగిసియున్నవి. ఆయన పిడికెడు తీసి నా చేతిలో పోసెను. “మీద పడిన వాన ఇంత లోపలికి ఒండ్రు తేల్యాదు సార్. ఈ బండి మునిగుండాది. యాడ కొన్యారు?”

కర్నూలని చెప్పితిని. ఏ యేట ననెను. చెప్పితిని. ఆయన నవ్వలేదు, తల యూపి గ్రైండరు తీసికొనెను. ఆ యొండ్రు నేను చాలసేపు అఱచేతిలో పట్టుకొని నిలుచుంటిని. పదుమూడేండ్లుగా తుంగభద్ర వఱద మా బండి యెముకలలో ఉండినది. తొట్టి కడిగినపుడెల్ల ఆ మన్ను నీరు త్రాగి, దినముల తరబడి ఇనుమును నానబెట్టినది. క్రింద ఒండ్రు, పైన ఎరువుల ఉప్పు, నడుమ నేను వేయించిన తారు. ఆ రేకు ఇన్నినాళ్లు నిలుచుటయే వింత.

త్రుప్పు కోయునపుడు సాయిబుగారితో నాకు చిన్న వివాదము కలిగినది. సుద్దగీత దాటి రెండంగుళముల మేర మంచి ఇనుము సైతము ఆయన కోయుచుండెను. “అది బాగుగనే యున్నది గదా” యంటిని. “మంచిది కనపడినాక ఇంగ రెండు వేళ్లు ముందుకు పోయి కోయల్ల సార్. అతుకు చెడ్డదానికి పట్టదు, మంచిదానికే పడతాది” అనెను. నిజమే, త్రుప్పుపట్టిన అంచున వెల్డింగు మంట తగిలినతోడనే ఇనుము కరగి జారి చిల్లి పెద్దదగుట ఆయన నాకు చేసి చూపెను. కోసిన రంధ్రముల మూలలను గుండ్రముగా మలచెను. చదరపు మూల నుండియే పగులు మొదలగునట. అతుకురేకును ఒకవైపునుండి వరుసగా కాక, ఇచ్చటొక చుక్క, ఎదురుగా నొక చుక్క వేసి, చల్లారనిచ్చి, మరల వేసెను. ఒకేచోట వేడి నిలిచినచో రేకు అప్పడమువలె వంకరపోవును.

రెండు దినములు నేను ఇనుపకుంచెతో త్రుప్పు గీచితిని. అఱచేతులు బొబ్బలెక్కినవి. దారిన పోవు మా పాఠశాల పిల్లలిద్దఱు నన్ను చూచి, నమస్కరింపవలెనో కన్ను మఱల్చుకొనవలెనో తెలియక నిలిచిపోయిరి. చేతికి మసియంటకుండుటయే చదువునకు ఫలమని వారికి నేర్పినది ఎవరు? నేను నోటితో నేర్పలేదు. తెల్లని చొక్కాతో నేర్పితిని.

కొట్టములో పదునెనిమిదేండ్ల సహాయకుడొకడుండెను. పాతరేకు మీది జింకు పూతను గీయకయే ఒక ముక్కను అతుకబోగా తెల్లని పొగ లేచినది. సాయిబుగారు వాని చేయి పట్టి యీవలకు లాగిరి. ఆ పొగ పీల్చినవానికి రాత్రి చలిజ్వరము వచ్చునట. అట్లు జాగ్రత్తగల పెద్దాయనయే ఆ కుఱ్ఱవానికి కన్నులకడ్డముగా నల్లద్దము మాత్రము ఇవ్వలేదు. వాడు మొగము ప్రక్కకు తిప్పుకొని మంట పట్టుచుండెను. నేను అంగడికి పోయి ముసుగు నొకదానిని కొనితెచ్చి వానికిచ్చితిని. రెండు గంటలు పెట్టుకొని, ఉక్కగా నున్నదని తీసి మేకునకు తగిలించెను. దానిని గూర్చి సాయిబుగారితో కొంత గట్టిగనే మాటలాడవలసి వచ్చినది.

కొత్తరేకు వేయుటకు ముందు ఆయన సుత్తె క్రిందపెట్టి “ఈ బండిలో ఏమేస్తారు సార్?” అనెను. ఎఱ్ఱగడ్డలు, పసుపు, ఎరువులు అంటిని. “మనుసులు?” అనెను. నేను మాటలాడలేదు. ఆయన మూల నిలిపిన పదునెనిమిది గేజి రేకును ప్రక్కకు పెట్టి, పదునాఱు గేజిది, అనగా ఒకటిన్నర మిల్లీమీటరునకు మించిన మందము గలదానిని బయటికి లాగెను. వెల యెక్కువ యగునని చెప్పలేదు, నేను అడుగలేదు.

అతుకులన్నియు ముగిసిన పిదప పట్టీలలోని ఒండ్రును నీటితో కడిగి, రెండు దినములు ఎండలో ఆరబెట్టి, రంధ్రములను మేకుతో తెఱచితిమి. వానిని ఎప్పటికిని మూయరాదని సాయిబుగారు నాచేత ఒప్పించుకొనిరి. తరువాత ఎఱ్ఱరంగు, అనగా రెడ్ ఆక్సైడు, రెండు పూతలు. ఆ యెఱుపు సైతము ఇనుప ఆక్సైడే, త్రుప్పునకు చుట్టమే. చుట్టమును కాపలా పెట్టి చుట్టమును రానీయకుండుట విచిత్రముగా తోచినది. పైన నల్లరంగు. మొత్తము పదునెనిమిది వేల రూపాయలైనవి. ఏడు వందలతో పోయిన పనికి ఇంతయా యని తమ్ముడు సణిగెను.

ఫిబ్రవరి మొదట పసుపు త్రవ్వకములు వచ్చినవి. బండి చింతచెట్టు వద్ద నిలిచినది. స్త్రీలు ఎప్పటివలె తొట్టి తలుపు దించబోయిరి. ఇకమీదట మనుష్యులను ఎక్కింపబోమనియు, వారికై ఆటో మాట్లాడితిననియు, రెండు మాఱులు తిరిగి అందఱిని చేర్చుననియు చెప్పితిని. ఒకతె నడుమున చేయి పెట్టుకొని క్రొత్తరేకును చూచి, నన్ను చూచి యిట్లనెను. “చెడిపోయినప్పుడు ఎక్కమంటివి. బాగైనాక దిగమంటాండావా అయివారూ?”

పదిమందియు నవ్విరి. నేనును నవ్వబోయి నవ్వలేకపోయితిని. చట్టమునుగూర్చి చెప్పితిని. “సట్టం నిన్న లేదా?” యని వేఱొకతె. దానికి నావద్ద సమాధానము లేదు. ఆటో మొదటి విడతకు ఆఱుగురు ఎక్కిరి. తక్కినవారికి అరగంట ఆలస్యమగును; ఆ యరగంట కూలి కోసికొందువా యని అడిగిరి. కోయనని చెప్పితిని. తమ్ముడు దూరముగా నిలిచి వినుచు తల పట్టుకొనెను.

కాలికి గాయమైన ఆమె అందఱికంటె వెనుక వచ్చినది. కుంటు ఇంకను పోలేదు. తొట్టి దగ్గఱకు పోయి, చేయి చాచి రేకును అఱచేతితో రెండుసార్లు గట్టిగా చఱచినది. అది మ్రోగినది. ఏమియు అనక, తన సద్దిమూటను తీసి తొట్టి నడుమ, పూర్వము మాటు ఉన్నచోటనే, పెట్టి ఆటో కొఱకు చెట్టునీడన కూర్చుండినది. అది చూచి తక్కినవారును మూటలు దానిప్రక్కన పేర్చిరి. ఆనాడు పదునొకండు సద్దిమూటలు మాత్రము బండిలో చేనికి పోయినవి.